పాత టర్బో డీజిల్‌లలో ఏది మేలు: స్విఫ్ట్ మల్టీజెట్టా, ఇన్నోవా డీ-4డీనా, ఆక్టేవియా టీడీఐనా?

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి రావడంతో మారుతి సుజుకి డీజిల్ కార్ల తయారీని పూర్తిగా మానుకుంది. స్విఫ్ట్, డిజైర్‌లలో ఏళ్ల తరబడి నడిచిన 1.3 లీటర్ల మల్టీజెట్ ఇంజిన్ ఇప్పుడు సెకండ్ హ్యాండ్ బజారులోనే దొరుకుతుంది. పాత ఇన్నోవాలోని 2.5 లీటర్ల డీ-4డీ, స్కోడా ఆక్టేవియాలోని 1.9 లీటర్ల టీడీఐ అంతకుముందే కొత్త కార్ల నుంచి తప్పుకున్నాయి. వీటిలో ఒకటి కొనాలనుకునేవారు సాధారణంగా రెండు ప్రశ్నలు కలిపి అడుగుతారు: ఎన్నాళ్లు మన్నుతుంది, ఎంత నున్నగా నడుస్తుంది? ఈ రెండు గుణాలు ఒకే చోట నుంచి రావు. చెవికి ఇంపుగా ఉన్న ఇంజిన్ గట్టిదని గానీ, మోత చేసే ఇంజిన్ అరిగిపోయిందని గానీ అనుకుంటే బేరంలో మోసపోతాం.

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గట్టిగా నొక్కడంతో వేడెక్కిన గాలిలోకి డీజిల్ చిమ్మితే అది తనంతట తానే అంటుకుంటుంది. చిమ్మిన క్షణానికీ అంటుకున్న క్షణానికీ నడుమ చిన్న జాగు ఉంటుంది, ఆ జాగులో పోగుపడిన డీజిల్ ఒక్కసారిగా మండినప్పుడే మనకు ఆ టకటక శబ్దం వినిపిస్తుంది. కామన్ రైల్ పద్ధతిలో డీజిల్‌ను అధిక పీడనంతో ఒక గొట్టంలో ముందే నిల్వ ఉంచి, కంప్యూటర్ చెప్పిన క్షణంలో నాజిల్ తెరుచుకునేలా చేస్తారు. అందువల్ల అసలు ఇంధనానికి ముందు ఇసుమంత డీజిల్ చిమ్మి మంటను మెల్లగా రాజేయడం సాధ్యమైంది. ఈ పద్ధతి కార్లలో తొలిసారి 1997లో ఆల్ఫా రోమియో 156తో వచ్చింది. ఆల్ఫా రోమియో ఉన్న ఫియట్ కుటుంబమే 2003లో తెచ్చిన 1.3 మల్టీజెట్‌లో ఒక్కో ఆవృత్తికి అయిదు సార్ల వరకు డీజిల్ చిమ్మగల ఏర్పాటు ఉంది.

2007లో స్విఫ్ట్ డీజిల్‌ వచ్చినప్పుడు మన కొనుగోలుదార్లకు అది వింతగా తోచడానికి ఇదే కారణం. అంతవరకు చిన్న డీజిల్ కారంటే టర్బో (ఇంజిన్‌లోకి అదనపు గాలిని నెట్టే పరికరం) లేని ఇండికా, జెన్ డీజిల్‌ల మోతే అలవాటు. మల్టీజెట్‌కు ఇంకో అనుకూలత కూడా ఉంది. 1248 సీసీలను నాలుగు సిలిండర్లకు పంచడంతో పిస్టన్ వ్యాసం 69.6 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 82 మిల్లీమీటర్లే. ఇన్నోవాలోని 2494 సీసీ ఇంజిన్‌లో అవి 92, 93.8 మిల్లీమీటర్లు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో మిగిలిపోయే వణుకు, పైకీ కిందికీ తిరిగే బరువుతోనూ స్ట్రోక్‌తోనూ పెరుగుతుంది. కాబట్టి చిన్న పిస్టన్‌ల మల్టీజెట్ పుట్టుకతోనే నున్నగా నడిచేది. చలి ఉదయం స్టార్ట్ చేసిన మొదటి నిమిషం కొంత గరగరలాడినా, వేడెక్కాక ఏసీ వేసుకుని అద్దాలు ఎత్తి కూర్చున్నవారికి అది డీజిల్ అన్న సంగతి అంతగా గుర్తుకు రాదు.

అయితే ఈ నున్నదనానికి ఒక షరతు ఉంది. 75 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి శక్తి కొలమానం) రకంలో 190 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం, 2000 ఆర్‌పీఎం దగ్గర అందుతుంది, అంతకు దిగువన టర్బో మేలుకోదు. తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు, అయిదుగురూ సామానూ ఏసీతో, మలుపులో రెండో గేర్‌లో వేగం తగ్గిందంటే కారు ఒక్క క్షణం నీరసించి, తర్వాత ఒక్కసారిగా లాగుతుంది. దాన్ని తప్పించడానికి మొదటి గేర్‌కు దిగడమో, క్లచ్‌ను సగం నొక్కి ఇంజిన్‌ను అరిపించడమో చేయాల్సి వస్తుంది. సవ్యంగా నడపడమంటే శబ్దం లేకపోవడమొక్కటే కాదు, కాలు కోరినంత బలం కోరిన వెంటనే రావడం కూడా అందులో భాగమే. ఆ కొలతతో చూస్తే స్విఫ్ట్‌కు పూర్తి మార్కులు వేయలేం.

మన్నిక విషయంలో మల్టీజెట్‌కు ప్రాణమంతా ఇంజిన్ ఆయిల్‌లోనే ఉంది. వాల్వులను పిస్టన్‌లతో లయలో తిప్పడానికి దీనికి టైమింగ్ బెల్ట్ లేదు, చైన్ ఉంది. చైన్ కనుక జీవితకాలం ఉంటుందని చెప్పి అమ్మేవారు చాలామంది. కానీ ఆ చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ పనిచేసేది ఆయిల్ పీడనంతోనే. ఇంజిన్‌లో పట్టేది సుమారు 3 లీటర్లు మాత్రమే కావడంతో అర లీటరు తగ్గినా, ఆయిల్ సర్వీసును వాయిదా వేసినా, ముందుగా దెబ్బతినేవి చైన్, టెన్షనర్, టర్బో బేరింగులు. సాగిన చైన్ స్టార్ట్ చేసినప్పుడు రెండు మూడు సెకన్లు గలగలమంటుంది, ఆ తర్వాత ఆయిల్ పైకెక్కి సద్దుమణుగుతుంది. అందుకే అమ్మేవారు ముందే ఇంజిన్ వేడి చేసి ఉంచితే ఆ కారు చూడటానికి మరునాడు ఉదయం రావడమే మంచిది. ఆయిల్ వేళకు మార్చిన మల్టీజెట్‌లు రెండు లక్షల కిలోమీటర్లు దాటి నడవడం మన రోడ్ల మీద కొత్తేమీ కాదు.

ఇన్నోవా ఇంజిన్ తత్వం దీనికి పూర్తిగా వేరు. 2005లో మన దేశానికి వచ్చిన ఈ 2.5 లీటర్ల డీ-4డీ 102 పీఎస్ శక్తి, 200 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. లీటరుకు లెక్కగడితే అది 41 పీఎస్, 75 పీఎస్ మల్టీజెట్ లీటరుకు 60 పీఎస్ ఇస్తుంది. అంటే టయోటా తన ఇంజిన్ నుంచి పిండగలిగినంత పిండలేదు. ఆ వదిలిపెట్టిన శక్తే మన్నికగా మిగిలింది. పిస్టన్‌లు, బేరింగులు, హెడ్ గాస్కెట్ మీద పడే ఒత్తిడి తక్కువ. ఆయిల్ 6 లీటర్లకు పైగా పడుతుంది కనుక ఒకటి రెండు వేల కిలోమీటర్లు ఆలస్యమైనా అది ఓర్చుకుంటుంది. శంషాబాద్ విమానాశ్రయానికీ, విజయవాడ రోడ్డు మీదా రోజూ తిరిగిన ట్యాక్సీ ఇన్నోవాలు నాలుగైదు లక్షల కిలోమీటర్లు చూడటం వెనుక ఉన్న కారణం ఇదేనని నా నమ్మకం. ప్రత్యేకమైన లోహమో, జపాన్ మంత్రమో కారణం కాదు.

ఇందులో టైమింగ్ బెల్ట్ ఉంది. చైన్ కన్నా బెల్ట్ తక్కువదన్న మాట తరచూ వినిపిస్తుంది కానీ, నాకు అది సరైన తీర్పుగా తోచదు. బెల్ట్‌కు గడువు ముందే తెలుసు, డ్యాష్‌బోర్డు మీద గుర్తుచేసే దీపం కూడా ఉంది, ఖర్చును ముందే లెక్క వేసుకోవచ్చు. చైన్ విషయంలో అలాంటి గడువు ఎవరూ రాసివ్వరు. సెకండ్ హ్యాండ్ ఇన్నోవాలో జాగ్రత్త పడాల్సింది బెల్ట్ మార్చిన బిల్లు గురించే. అది లేకపోతే ఎన్ని మాటలు చెప్పినా బెల్ట్ మార్చలేదనే అనుకుని, దాని ఖర్చును ధరలోంచి తగ్గించి అడగాలి.

నున్నదనంలో మాత్రం ఇన్నోవా వెనుకబడుతుంది. అది కూడా కామన్ రైలే అయినా, పెద్ద పిస్టన్‌ల దరువు స్టీరింగ్‌లోనూ గేర్ లీవర్‌లోనూ తెలుస్తుంది. నిలబడి ఉన్నప్పుడు బయటివారికి వినిపించే మోత లోపలివారికంటే ఎక్కువ. కానీ టార్క్ దాదాపు 1400 ఆర్‌పీఎం నుంచే అందడం వల్ల, అదే తిరుమల ఘాట్‌లో, ఏడుగురు కూర్చున్నా, మాటిమాటికీ గేర్ మార్చే పని ఉండదు. నిలకడగా లాగే ఆ గుణాన్ని డ్రైవర్లు మెచ్చుకుంటారు, మోతను పట్టించుకోరు.

మూడోది వోక్స్‌వ్యాగన్ కుటుంబపు 1.9 టీడీఐ. ప్రపంచంలో ఈ 1896 సీసీ ఇంజిన్‌కు ఉన్న పేరు పెద్దది, ఆ పేరుకు అది అర్హమైనదే. మన దగ్గర ఆక్టేవియాలో వచ్చిన 90 పీఎస్ రకంలో కామన్ రైల్ లేదు, బాష్ రోటరీ పంపు నుంచి నేరుగా నాజిల్‌లకు డీజిల్ వెళుతుంది. కారు నిలబడి ఇంజిన్ నడుస్తున్నప్పుడు (ఐడిల్‌లో) మోత ఎక్కువ, ట్రాక్టర్ అనేవారూ ఉన్నారు. హైవే మీద అయిదో గేర్‌లో అదే ఇంజిన్ తక్కువ ఆర్‌పీఎంతో అలవోకగా పరుగెత్తుతుంది, అప్పుడు ఆ మాట ఎవరూ అనరు. తర్వాత స్కోడా లారా కారులో వచ్చిన 105 పీఎస్ రకంలో ఒక్కో సిలిండర్‌కు ఒక్కో పంపు-నాజిల్ పెట్టి, వాల్వులు తెరిచే కడ్డీ అయిన క్యామ్‌షాఫ్ట్‌తోనే దాన్ని నొక్కించి, సుమారు 2000 బార్ పీడనం పుట్టించారు. బలమూ మైలేజీ పెరిగాయి, మోత తగ్గలేదు. పైగా ఆ భారమంతా క్యామ్‌షాఫ్ట్ మీద పడింది. కంపెనీ నిర్దేశించిన రకం ఆయిల్ కాక చేతికందిన ఆయిల్ పోస్తే క్యామ్ అంచులు అరిగిపోతాయి, ఆ పనికి అయ్యే ఖర్చు పాత కారు ధరతో పోల్చదగినంత ఉంటుంది. రోటరీ పంపు టీడీఐ మొండిది, పంపు-నాజిల్ టీడీఐ గారాబంగా చూసుకోవాల్సినది. రెంటినీ ఒకే పేరుతో పొగిడేవారి మాట నమ్మవద్దు.

కారు పాతబడ్డాక వచ్చే వణుకుకు ఇంజిన్‌ను మాత్రమే నిందించడం కూడా తప్పే. మెకానిక్‌లు ఫౌండేషన్లు అని పిలిచే రబ్బరు దిమ్మెలు పదేళ్లకు గట్టిపడి పగుళ్లు తీస్తాయి, అప్పుడు ఎంత మంచి ఇంజిన్ అయినా డ్యాష్‌బోర్డును గడగడలాడిస్తుంది. అవి మార్చడం ఒక పూట పని. మన్నిక అలా కాదు, అరిగిపోయిన బోర్‌ను (సిలిండర్ లోపలి గోడను) తిరిగి తెచ్చుకోవాలంటే ఇంజిన్ దించాల్సిందే. అందుకే రెంటిలో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే పాత డీజిల్‌లో మన్నికకే నా ఓటు.

ఆ లెక్కన నెలకు రెండు వేల కిలోమీటర్లు దాటి తిరిగేవారికీ, పెద్ద కుటుంబానికీ ఇన్నోవాయే మేలు, ధర ఎక్కువైనా సరే. పట్టణంలో, అప్పుడప్పుడూ ఊరికి వెళ్లిరావడానికి మల్టీజెట్ చాలు. మారుతి, టాటా, ఫియట్‌లు మూడూ వాడిన ఇంజిన్ కావడంతో మండల కేంద్రంలో కూడా పని తెలిసిన మనిషి, సామాను దొరుకుతాయి. 75, 90 పీఎస్ రకాల్లో ఏది కొనాలన్న సందేహం ఉంటే 75దే తీసుకోండి. 90 పీఎస్ రకంలోని టర్బో మరింత చిక్కైనది, పాత కారులో చిక్కైన టర్బో ఖర్చే. టీడీఐని మాత్రం దగ్గరలో దాని పని తెలిసిన మెకానిక్ ఉన్నప్పుడే, రోటరీ పంపు రకంలోనే, హైవే ప్రయాణాలు ఎక్కువ ఉన్నవారే కొనాలి.

ఏది కొన్నా చూడాల్సిన పరీక్ష ఒకటే, అయిదు నిమిషాలు పడుతుంది. ఇంజిన్ వేడెక్కాక, నడుస్తుండగానే ఆయిల్ మూత విప్పి రంధ్రం మీద ఉంచాలి. మూత కొద్దిగా కదిలితే ఫరవాలేదు. గంతులేస్తూ, సన్నని పొగ ఆగకుండా ఊదుతుంటే మెకానిక్‌లు అనే ‘బ్యాక్ కంప్రెషన్’ వచ్చినట్లే, పిస్టన్ రింగులో బోరో అరిగాయి. ఆ కారు ఎంత నిశ్శబ్దంగా నడుస్తున్నా బేరం వదిలేయండి.