టెక్సాస్‌లో ఎండుగడ్డికి బీమా: పీఆర్‌ఎఫ్ ఏళ్లుగా వాడాక నా మాట

డాలస్ చుట్టుపక్కల ఐదెకరాలో యాభై ఎకరాలో కొన్న మనవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. ఆస్తి పన్ను తగ్గాలంటే భూమిలో వ్యవసాయం చూపించాలి. ఆవులు మేపే ఓపిక లేనివాళ్లకి ఎండుగడ్డి తేలికైన దారి. వాళ్లలో ఎవరు కలిసినా అడిగేది ఒకటే: "పీఆర్‌ఎఫ్ బీమా తీసుకుంటే డబ్బులొస్తాయంట కదా?" మాకు 60 ఎకరాల కోస్టల్ బెర్ముడా గడ్డి ఉంది. బోరు లేదు, వానే ఆధారం. 2022 కరువుకి ముందు నుంచే ఈ పాలసీ కడుతున్నాను కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నా.

ముందే చెప్పేస్తాను, తీసుకోండి. కాకపోతే గడ్డికి బీమా చేశామన్న ధైర్యంతో ఉండకండి. మీరు చేసేది వానకి బీమా.

పీఆర్‌ఎఫ్ అంటే పాశ్చర్, రేంజ్‌ల్యాండ్, ఫోరేజ్ (పచ్చిక, మేత భూములు, మేత గడ్డి). అమెరికా వ్యవసాయ శాఖ 2007లో ప్రయోగంగా మొదలుపెట్టి, 2016 పంట సంవత్సరానికల్లా అలాస్కా, హవాయి పోను మిగతా 48 రాష్ట్రాలకీ విస్తరించింది. అక్షాంశ రేఖాంశాల్లో పావు డిగ్రీ చొప్పున దేశం మొత్తాన్ని గ్రిడ్‌లుగా కోశారు. వాతావరణ సంస్థ నోవా దగ్గర 1948 నుంచి ఉన్న లెక్కలతో ఒక్కో గ్రిడ్‌కి మామూలుగా పడే వానని 100గా పెట్టుకున్నారు. దాంతో పోలిస్తే నిజంగా పడిన వాన ఎంతో చెప్పే అంకె ఇండెక్స్. మీరు ఎంచుకున్న రెండు నెలల్లో ఇండెక్స్ మీ కవరేజ్ (మీరు ఎంచుకున్న శాతం) కంటే కిందికి దిగితే డబ్బు వస్తుంది, దిగకపోతే రాదు. మీ పొలంలో ఎన్ని బేళ్లు (గడ్డి కట్టలు) కట్టారో ఎవరూ అడగరు.

లెక్క తేలిగ్గా ఉండేందుకు మీ కౌంటీకి (మన జిల్లా లాంటిది) పాలసీలో పెట్టిన గడ్డి విలువ ఎకరానికి 250 డాలర్లు అనుకుందాం. 90 శాతం కవరేజ్ తీసుకుంటే 225. అందులో 40 శాతం ఏప్రిల్-మే మీద పెట్టారు, అంటే 90 డాలర్లు. ఆ రెండు నెలల ఇండెక్స్ 60 వచ్చిందనుకోండి. 90కి 30 తగ్గింది, అంటే మూడో వంతు. ఎకరానికి 30 డాలర్లు, మా 60 ఎకరాలకి 1,800. ఇండెక్స్ 91 వస్తే సున్నా. ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూసుకుంటే ఏజెంట్ చెప్పేదాంట్లో సగం మనకే అర్థమైపోతుంది.

నాకు బాగా నచ్చింది క్లెయిమ్ గొడవ లేకపోవడం. ఫోన్లు చేయక్కర్లేదు, ఎవరో వచ్చి పొలం చూసి ఫొటోలు తీసి నష్టం తేల్చేదాకా ఆగక్కర్లేదు. మనం ఎంచుకున్న రెండు నెలల గడువు ముగిశాక సుమారు రెండు నెలలకి తుది ఇండెక్స్ వస్తుంది, రావలసింది ఉంటే దానంతట అదే వస్తుంది. ప్రీమియం కూడా సంతకం రోజునే కట్టక్కర్లేదు. అందులో ప్రభుత్వ వాటా పెద్దదే: 90 శాతం కవరేజ్‌కి 51 శాతం, 80, 85కి 55, 70, 75కి 59. కొత్తగా వ్యవసాయంలోకి వచ్చినవాళ్లకి ఇంకా ఎక్కువ.

ఇక నొప్పి ఎక్కడో చెప్తాను.

2022లో జూన్ నుంచి చుక్క లేదు. మాకు రెండో కోత రాలేదు. గడ్డి బూడిద రంగుకి తిరిగి, కాలు పెడితే కరకరలాడేది. జూన్-జులై ఇండెక్స్ పడిపోయింది, డబ్బొచ్చింది. ఆ ఏడు ఎరువుల ధర ఎలా మండిందో తెలిసిందే, వచ్చింది ఆ బాకీకి సరిపోయింది. అంతవరకు బాగానే ఉంది. ఆగస్టు 22న డాలస్ మీద కుంభవృష్టి పడింది. ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక్క రోజులో తొమ్మిది అంగుళాలు దాటింది. మా వైపు కూడా గట్టిగానే కురిసింది, నెర్రెలిచ్చిన నేల మీద నుంచి పారి వాగులోకి పోయింది. తర్వాత సెప్టెంబర్ అంతా మళ్లీ ఎండే. ఆగస్టు-సెప్టెంబర్ గడువుకి నాకు పైసా రాలేదు. రెండు నెలల వాన ఒక్క రోజులో పడినా, వారం వారం పడినా ఇండెక్స్‌కి తేడా లేదు. గడ్డికి ఉంది.

రెండోది గ్రిడ్ సైజు. టెక్సాస్ వేసవి వాన రోడ్డుకి ఇటు కురిసి అటు కురవదు. మా గేటు దగ్గర వానమాపకం పెట్టాను, అది చూపించేదానికీ గ్రిడ్ అంకెకీ ఒక్కో వేసవిలో పొంతనే ఉండదు. గ్రిడ్‌లో అవతలి కొసన కురిసిన వాన నా ఖాతాలోనూ పడుతుంది. ఫోన్లో మా బాబాయికి ఇదంతా వివరిస్తే ఆయన నవ్వి, "అయితే అక్కడా మండలం లెక్కేనారా?" అన్నాడు. వాతావరణ ఆధారిత బీమా చూసిన రైతు కదా, ఒక్క మాటలో తేల్చేశాడు. అప్పుడప్పుడు ఇది తిరగబడి మనకే లాభం చేస్తుందనుకోండి. మా గడ్డి పచ్చగా ఉన్న ఏడు కూడా చెక్కు వచ్చింది. దాని గురించి మాత్రం ఎవరం ఫిర్యాదు చేయం.

ఈ పాలసీలో మన చేతిలో ఉండే అసలు పని నెలలు ఎంచుకోవడం. రెండేసి నెలల గడువులు పదకొండు ఉంటాయి. కనీసం రెండైనా తీసుకోవాలి, ఒకే నెల రెండు గడువుల్లో రాకూడదు, ఒక్కో గడువు మీద ఎంత శాతం పెట్టొచ్చో కౌంటీని బట్టి పరిమితి ఉంటుంది. నా మొదటి ఏజెంట్ పాత లెక్కల పట్టిక తెరిచి, చలికాలం గడువుల్లో ఇన్నేళ్లలో ఎక్కువ డబ్బు వచ్చింది, అటే పెట్టేద్దామన్నాడు. చట్టప్రకారం తప్పేమీ లేదు, చాలామంది అలాగే చేస్తారు. కానీ బెర్ముడా చలికాలమంతా నిద్రపోయే గడ్డి. జనవరిలో వాన లేకపోతే నాకేం నష్టం? డబ్బొస్తే సంతోషమే. గడ్డి పోయిన జులైలో రాకుండా, ఏ నష్టం లేని జనవరికి వస్తే దాన్ని బీమా అనాలా లాటరీ అనాలా? నేను ఏప్రిల్-మే మీద 40, జూన్-జులై మీద 30, ఆగస్టు-సెప్టెంబర్ మీద 30 పెడుతున్నాను. మా ప్రాంతంలో ఎక్కువ వాన పడేది మేలోనే, మొదటి కోత దాని మీదే నిలబడి ఉంటుంది. అది తప్పితే ఆ ఏడు లెక్కలన్నీ తప్పుతాయి.

వాన తప్ప మరేదీ ఈ పాలసీకి పట్టదు. కత్తెర పురుగు తెలుసు కదా, 2018లో మన దేశంలోకి వచ్చి మొక్కజొన్న రైతుల్ని ఏడిపిస్తున్నది? దాని సొంతూరు ఇటువైపే. వాన పడి బెర్ముడా లేతగా లేచిందంటే దిగుతుంది. సాయంత్రం పచ్చగా చూసిన మడి రెండు మూడు రోజుల్లో ఈనెలే మిగిలి ఉంటుంది. వాన బాగా పడింది కాబట్టి ఇండెక్స్ కూడా బాగుంటుంది, డబ్బు రాదు. కోసి ఆరబెట్టిన గడ్డి తడిసి నల్లబడినా ఇంతే. తేమ 20 శాతం దాటి ఉండగా కట్టిన బేళ్లు షెడ్డులో వేడెక్కి తమంతట తామే అంటుకున్నా ఇంతే. 2024 ఫిబ్రవరిలో టెక్సాస్ ఉత్తర కొసన ఉన్న పాన్‌హ్యాండిల్‌లో స్మోక్‌హౌస్ క్రీక్ మంటలు పది లక్షల ఎకరాలకి పైగా కాల్చాయి. అలాంటిది వచ్చినా వాన ఇండెక్స్ కదలదు. షెడ్డుకీ అందులో ఉన్న గడ్డికీ ఫార్మ్ పాలసీ విడిగా తీసుకోవాల్సిందే. నేను తీసుకున్నాను, బేళ్ల విలువకి పరిమితి ఎంతో రాతలో అడిగి మరీ.

మిగతా దారులు క్లుప్తంగా. పొలం దిగుబడికే రక్షణ కావాలంటే వ్యవసాయ శాఖ వాళ్ల ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసులో ఎన్‌ఏపీ అనే పంట నష్ట సాయం పథకం ఉంది. పంటకి 325 డాలర్ల ఫీజు. మూల పథకంలో పంట సగానికి మించి పోతేనే, అదీ ధరలో 55 శాతం చొప్పున ఇస్తారు. పురుగు లాంటివి కూడా అందులోకి వస్తాయి, కానీ దిగుబడి రికార్డులు పక్కాగా ఉండాలి, నష్టం కనిపించిన 15 రోజుల్లో చెప్పాలి. కరువులో మేత పోయినవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఎల్‌ఎఫ్‌పీ సాయం గురించి ఆశ పెట్టుకోకండి, అది మేపే భూమి ఉన్న పశువుల వాళ్లకి. గడ్డి కోసి అమ్ముకునేవాళ్లకి కాదు. ఏటా విత్తే జొన్న, సూడాన్ గడ్డి లాంటివాటికి యాన్యువల్ ఫోరేజ్ అని వేరే పాలసీ ఉంది, అదీ వాన లెక్కే. అల్ఫాల్ఫా వాళ్లకి కొన్ని రాష్ట్రాల్లో దిగుబడి ఆధారంగా ఫోరేజ్ ప్రొడక్షన్ పాలసీ దొరుకుతుంది.

ఏజెంట్ల దగ్గర బేరం ఉండదు. ఏ కంపెనీ అయినా రేటు ఒకటే, డిస్కౌంట్ ఇస్తానంటే అనుమానించండి. తేడా అంతా సేవలోనే. నేను మార్చేసిన పాత ఏజెంట్, పాలసీలో చేరే గడువు చివరి వారంలో తప్ప ఫోన్ ఎత్తేవాడు కాదు, ఇప్పటి ఆవిడ అక్టోబర్‌లోనే గ్రిడ్ లెక్కలు పంపిస్తుంది. వచ్చే ఏడాదికి చేరాలంటే డిసెంబర్ 1 లోపు సంతకం అయిపోవాలి.

ఐదూ పదెకరాలు కొని పక్క రైతుకి గడ్డి కోసుకోమని వదిలేసినవాళ్లు ఒకటి గమనించండి. డబ్బు రూపంలో కౌలు తీసుకుంటూ గడ్డిలో వాటా లేకపోతే ఈ పాలసీ మీ పేరు మీద రాదు. అది కోసుకునే ఆయన తీసుకోవలసినది. వాటా పద్ధతి అయితే మీ వాటా మేరకు మీరు చేయించుకోవచ్చు, ఒప్పందం మాత్రం కాగితం మీద ఉండాలి.