అమృత్‌సర్‌లో మూడు రాత్రులు: ఒక లాడ్జి, ఒక చెప్పుల గది

అమృత్‌సర్ వెళ్ళదలచుకున్నవారికి ముందుగా ఒక మాట చెప్పాలి. ఫోనులో కనిపించే ఫొటోలను, వాటి కింద రాసిన ‘స్వర్ణ దేవాలయానికి అయిదు నిమిషాల నడక’ అన్న మాటను నమ్మి గది తీసుకోకండి. మేము నమ్మాము. ఆ అయిదు నిమిషాల నడక పదిహేడు నిమిషాలు పట్టింది, అదీ మోకాళ్ళ నొప్పులు లేని నేను ఒక్కడినే నడిచినప్పుడు.

మేము ముగ్గురం వెళ్ళాము. నేను, మా ఆవిడ, ఆమె అన్నయ్య. బావగారు తహసీల్దారుగా పనిచేసి రిటైరైన మనిషి కావడంతో, ఎక్కడికి వెళ్ళినా ఎవరో ఒకరు ఎదురొచ్చి కుర్చీ వేస్తారన్న ఆశ ఆయనలో ఇంకా చావలేదు. జనవరి పొగమంచులో ఢిల్లీ నుంచి రైలు రెండున్నర గంటలు ఆలస్యంగా చేరింది. స్టేషను నుంచి ఈ-రిక్షావాడు 150 రూపాయలు అడిగి 120కి ఒప్పుకున్నాడు. అంతవరకు పేచీ ఏమీ లేదు.

పేచీ అంతా లాడ్జిలోనే. ముగ్గురికీ కలిపి రాత్రికి 1,480 రూపాయల చొప్పున మూడు రాత్రులకు 4,440 రూపాయలు ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో కట్టేశాము. కౌంటరు దగ్గరికి వెళ్ళాక, మూడో మనిషికి నేల మీద పరుపు వేయడానికి రోజుకు మరో 350 అన్నారు. ఆధార్ కార్డుల జిరాక్సుకు ముప్పై తీసుకున్నారు. గీజరు ఉందన్న మాట నిజమే గాని, దానికి కరెంటు ఇచ్చేది ఉదయం ఆరు నుంచి ఏడున్నర వరకే. ఆ తరువాత వేడినీళ్ళు బకెట్టు నలభై రూపాయలు. రజాయిలు తడి ఆరనట్టు చల్లగా ఉన్నాయి, కిటికీ తెరిస్తే పక్క హోటలు వంటింటి పొగ నేరుగా మంచం మీదికి వస్తుంది. నేను మేనేజరుతో నాకు వచ్చిన హిందీలో గట్టిగానే పోట్లాడాను. అతడు ఎంతో మర్యాదగా, నవ్వుతూ, ఒక్క రూపాయి కూడా తగ్గించకుండా విన్నాడు. ఆ నవ్వు నన్ను మూడు రోజులూ వెంటాడింది.

ఆ కోపంతోనే సాయంత్రం గుడికి బయలుదేరాము. దారిలో తలకు కట్టుకునే గుడ్డలు ఇరవై రూపాయలకు అమ్ముతూ వెంటపడతారు, కొనకండి. ద్వారం దగ్గర బుట్టలో ఉచితంగానే ఉంటాయి. చెప్పులు వదిలే చోటును అక్కడ ‘జోడా ఘర్’ అంటారు. జోడా అంటే మన జోడే, అర్థం చేసుకోవడానికి నిఘంటువు అక్కర్లేదు. నేను అలవాటు ప్రకారం బూట్లు విడిచి కాలితో ముందుకు నెట్టబోయాను. కౌంటరు వెనుక నిలబడిన తెల్లగడ్డం పెద్దాయన వంగి, రెండు చేతులా వాటిని అందుకుని, ఒక్క క్షణం తన నుదుటికి ఆనించుకుని, ఇత్తడి టోకెను నా చేతిలో పెట్టాడు. మా నాన్న వయసుంటుంది ఆయనకు. ఎవరికైనా పొరపాటున కాలు తగిలితే కళ్ళకు అద్దుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి. రోడ్డు దుమ్మంతా అంటిన నా బూట్లు ఒక ముసలాయన నుదుటికి ఆనడం చూసి, ఎక్కడ చూడాలో తెలియక టోకెను మీద అంకె చదువుతూ నిలబడ్డాను.

అప్పుడే లోపల ఒక పురమాయింపు మొదలయింది. ‘నువ్వూ వెళ్ళి అవతల నిలబడు’ అని. దానిలో వెలుగు లేదు, పులకరింత లేదు. పిండి పట్టించుకు రమ్మని చిన్నప్పుడు అమ్మ పదేపదే చెబుతుంటే ఎంత విసుగొచ్చేదో అంత విసుగొచ్చింది. దర్శనం క్యూలో రెండు గంటలు నిలబడ్డాము. సరోవరం నీళ్ళలో బంగారు గోడల దీపాలు కదులుతున్నాయి. 1604లో సిక్కుల పవిత్ర గ్రంథమైన ఆదిగ్రంథాన్ని ప్రతిష్ఠించిన చోటికి చేరుతున్నానన్న ఎరుక నాకు ఉంది. కాని మనసు మాత్రం చెప్పుల గది దగ్గరే ఆగిపోయింది. నిజానికి నాకు ఆ పని ఇష్టం లేదు. మురికంటే నాకు చిరాకు. బస్సులో పక్కవాడి చెమట తగిలినా చేతులు కడుక్కునే మనిషిని.

రాత్రి గదిలో ఈ మాట బయటపెట్టడం నా పొరపాటు. బావగారు రజాయిలోంచే, ‘అంతరాత్మ ప్రబోధమా? దాని ప్రకారం ఓటెయ్యమని ఇందిరాగాంధీ అన్న దెబ్బకే గదండీ 1969 రాష్ట్రపతి ఎన్నికలో మన సంజీవరెడ్డి గారు ఓడిపోయింది’ అన్నారు. నవ్వాను. ఆయన అక్కడితో ఆగలేదు. ‘సిక్కుల అత్యున్నత మతపీఠం అకాల్ తఖ్త్ వాళ్ళు తప్పు చేసినవాళ్ళకు శిక్షగా వేసే పనులు అవి. పంజాబు ఉప ముఖ్యమంత్రిగా చేసిన సుఖ్‌బీర్ బాదల్ అంతటివాడి చేత 2024లో అంట్లు తోమించారు, పేపర్లో చూడలేదా? ఏ తప్పూ చేయని మీకెందుకు? చెప్పులు మోయడానికా రెండు వేల కిలోమీటర్లు వచ్చాం?’ అన్నారు. ఒకడికి శిక్షగా వేసే పనినే ఇంకొకడు తెల్లవారుజామున లేచి వచ్చి అడిగి మరీ చేయడం ఏమిటన్నది మంచి ప్రశ్నే. జవాబు నాకు తోచలేదు. మా ఆవిడ మాత్రం, ‘వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి, లేకపోతే పడుకోండి. ఇద్దరూ లైటు ఆర్పండి’ అంది.

మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకు ఒక్కడినే వెళ్ళాను. (దర్శనానికి కూడా అదే మంచి వేళ, ముందురోజు రెండు గంటలు పట్టిన క్యూ అప్పుడు ముప్పావుగంటలో అయిపోయింది.) సేవ చేస్తానని చెబితే ఎవరూ పేరు, ఊరు, మతం అడగలేదు. తలగుడ్డ సరిగ్గా కట్టుకోమని చెప్పి లోపలికి రానిచ్చారు. మొదటి జత వేలికొసలతో, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకున్నాను. పక్కనున్న కుర్రవాడు, ఇరవై ఏళ్ళుంటాయేమో, ఏమీ అనకుండా నా అరచేతులు రెండూ దగ్గరకు చేర్చి, వాటి మీద తన చేతిలోని జత పెట్టాడు. అవి రైతు వేసుకునే ముచ్చె చెప్పులు, మడమ దగ్గర పగిలి, పేడ ఎండి ఉన్నాయి. లోపల ఇంకా ఆ మనిషి కాలి వెచ్చదనం ఉంది. బయట పొగమంచు, నా చేతులు కొంకర్లు పోతున్నాయి, ఆ చెప్పులు మాత్రం వెచ్చగా ఉన్నాయి. ఆ వెచ్చదనమే నాకు అన్నిటికంటే రోతగానూ ఉంది, వదలబుద్ధి కాకుండానూ ఉంది. ఇంతకంటే సరిగ్గా చెప్పడం నాకు చేతకాదు.

గుడ్డతో తుడవడం, గూట్లో పెట్టడం, టోకెను ఇవ్వడం, టోకెను వచ్చినప్పుడు జత తీసి అందించడం. నడిస్తే లైట్లు వెలిగే పిల్లవాడి బూట్లు ఒక జత వచ్చింది, గూట్లో పెట్టాక కూడా కాసేపు ఎర్రగా మినుకుమంది. గంటంబావు చేశాను. దివ్యానుభూతి ఏదీ కలగలేదు, నడుం నొప్పి మాత్రం కలిగింది. అయిష్టం పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. బయటికి రాగానే చేతులు మూడుసార్లు కడుక్కున్నాను. అయితే లోపలి పురమాయింపు మాత్రం ఆగిపోయింది.

లంగరు గురించి ఇప్పటికే చాలామంది చాలా రాశారు కాబట్టి రెండు మాటలే చెబుతాను. గురునానక్ మొదలుపెట్టిన ఆ పంక్తి భోజనం రాత్రీ పగలూ నడుస్తుంది, రూపాయి అడగరు. రొట్టెను రెండు అరచేతులూ చాపి అందుకోవాలి. బావగారు ఒక చేయి చాపారు, వడ్డించేవాడు ఆయన రెండో చేయి వచ్చేదాకా నవ్వుతూ ఆగాడు. చివరికి వచ్చింది. పప్పు బాగుందని ఆయనే రెండోసారి వేయించుకున్నారు, అన్నం లేదన్న ఫిర్యాదు మాత్రం సాయంత్రం దాకా సాగింది.

మూడో రోజు జలియన్‌వాలాబాగ్, మధ్యాహ్నం షేరింగ్ టాక్సీలో మనిషికి 200 చొప్పున అటారీ సరిహద్దు. అన్నీ సజావుగా జరిగాయి. తిరిగి వచ్చాక బావగారు ఒక దుకాణంలో వెన్న ముద్ద పెట్టిన కుల్చాలు రెండు తిని, గుక్క తిప్పుకోకుండా పెద్ద గ్లాసుడు లస్సీ తాగారు, వద్దన్నా వినలేదు.

రాత్రి ఒంటిగంట దాటాక ఆయన లేచిన చప్పుడు వినిపించింది. బాత్రూము దాకా వెళ్ళలేకపోయారు. నేల మీద పరుపు పక్కనే వాంతి చేసుకున్నారు. నాకు పూర్తిగా మెలకువ వచ్చింది. ‘లే, వెళ్ళు’ అన్న అదే మాట, జోడా ఘర్ దగ్గర వినిపించినంత స్పష్టంగా మళ్ళీ వినిపించింది. పైగా ఈసారి నన్ను సాయం అడుగుతున్నది ఎవరో కాదు, చీకట్లో గోడ పట్టుకుని నిలబడిన డెబ్భై ఏళ్ళ మా బావగారు. అక్కడ ఇత్తడి టోకెన్లు లేవు, గుర్బానీ కీర్తనలు లేవు, అరచేతులు దగ్గరకు చేర్చే కుర్రవాడు లేడు. ఆ పాడు గది, ఆ వాసన ఉన్నాయి. నేను రజాయి తల మీదికి లాక్కున్నాను. నిద్రలో ఉన్నవాడిలా ఊపిరి బరువుగా తీయడం కూడా గుర్తుంది.

మా ఆవిడ లేచింది. ‘కూర్చో అన్నయ్యా’ అనడం, బకెట్టు ఈడ్చిన చప్పుడు, మంచులాంటి నీళ్ళతో నేల కడిగిన చప్పుడు, అన్నీ విన్నాను. తెల్లవారి బావగారు నా ముఖం చూడకుండా, ‘రాత్రి మీకు నిద్రాభంగం కలిగించానండీ’ అన్నారు. ‘నాకేమీ తెలియలేదే!’ అన్నాను.

గది ఖాళీ చేసేటప్పుడు బిల్లు వచ్చింది. అదనపు పరుపుకు 1,050, వేడినీళ్ళకు 160, దాని కింద కొత్తగా ఇంకొక పద్దు: గది శుభ్రానికి 300. నాకు మండిపోయింది. మీ పనివాడు చీపురు కూడా ముట్టుకోలేదు, అర్ధరాత్రి లేచి మేమే కడుక్కున్నాం కదా అని కౌంటరు మీద చేత్తో కొట్టి మరీ వాదించాను. మేనేజరు ఆ నవ్వే నవ్వాడు. సంచీ భుజానికి తగిలించుకుంటున్న మా ఆవిడ తలెత్తకుండా, నాకు మాత్రమే వినపడేలా, ‘మేమా?’ అంది.

మూడు వందలూ తీసి కౌంటరు మీద పెట్టాను.