ఎలుక ముందు గీగర్ కౌంటర్: ఆరేళ్లు వాడిన తర్వాత

రేడియేషన్‌ను లెక్కించే ఈ చేతి గీగర్ కౌంటర్‌ను 2019 వానాకాలంలో కొన్నాను. అప్పట్లో నల్లమలలో యురేనియం అన్వేషణ వద్దంటూ అమ్రాబాద్ వైపు ఊరూరా ఆందోళన నడుస్తోంది. మా దేవరకొండ ప్రాంతంలో లంబాపూర్, పెద్దగట్టు గనుల పాత ప్రతిపాదన మళ్లీ జనం నోళ్లలో నానింది. ఆ సెప్టెంబరులో శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. నన్ను మాత్రం ఒక ప్రశ్న వదల్లేదు. రేపెప్పుడైనా తవ్వితే, మా గుట్టల్లోని ఎలుకలకూ పిట్టలకూ హాని జరిగిందని ఏ పాత లెక్క పక్కన పెట్టి చూపిస్తాం? ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పేవాణ్ని కాబట్టి ఆ లెక్క నేనే మొదలుపెట్టాలనుకున్నాను.

నా పరికరంలో ఉన్నది ఎస్‌బీఎం-20 అనే సోవియట్ కాలపు ఉక్కు గొట్టం. దాదాపు 400 వోల్టుల మీద పనిచేస్తుంది. రేడియేషన్ రకాల్లో గామా కిరణాలనూ, కాస్త బలమైన బీటా కణాలనూ పట్టుకుంటుంది. ఆల్ఫా కణాలు ఆ గోడను దాటి లోపలికి రాలేవు. యురేనియం, రేడియం ప్రధానంగా వదిలేవి ఆల్ఫా కణాలే. కొనే ముందే ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే ఎంతో మేలు జరిగేది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదట పరీక్షించింది ఒక రైతు బోనులో పడి చచ్చిన పొలం ఎలుకను. ఎలుక జ్వరం భయం ఉంది కాబట్టి చేతి తొడుగులు వేసుకుని, స్టీలు పళ్లెంలో పడుకోబెట్టి, పొట్టకు ఆనించి పది నిమిషాలు లెక్కించాను. నిమిషానికి 31 టిక్కులు; గొట్టం పట్టుకున్న ఒక్కో కణానికి లేదా కిరణానికి ఒక్కో టిక్కు. ఎలుకను తీసేసి ఖాళీ పళ్లెం మీద మరో పది నిమిషాలు చూస్తే అదే 31. ఎలుక శుభ్రంగా ఉందని దీని అర్థం కాదు. వంద గ్రాముల జంతువు ఒంట్లో సహజంగా ఉండే పొటాషియం-40 అనే రేడియోధార్మిక రకం నుంచే సెకనుకు సుమారు పది విఘటనలు (పరమాణువు రేడియేషన్ వదిలి మారిపోవడం) జరుగుతాయి. వాటినే ఈ గొట్టం గుర్తించలేకపోయింది. ఇక ఎముకలో దాగిన అణుమాత్రపు రేడియాన్ని ఏం గుర్తిస్తుంది?

చెర్నోబిల్ వీడియోలు చూసి కొనేవారు ఇక్కడే పొరబడతారు. 1986 ప్రమాదం తర్వాత అక్కడి అడవి ఎలుకల కండరాల్లో చేరింది సీజియం-137. ఒంట్లో అది పొటాషియంలా నడుచుకుంటుంది, అది ఉన్నచోట బలమైన గామా కిరణాలు వెలువడతాయి. అందుకే బతికున్న ఎలుకను మంచి డిటెక్టర్ ముందు ఉంచి, కొలిచి, వదిలేయవచ్చు. మా దగ్గర భయం యురేనియంతో, అది క్రమంగా మారుతూ పుట్టించే రేడియం లాంటి సంతతితో. యురేనియం మూత్రపిండాల్లో, ఎముకల్లో చేరుతుంది. రేడియం కాల్షియం దారిలో ఎముకలోకి పోతుంది. దాన్ని తేల్చాల్సింది ప్రయోగశాలే.

పక్షులను పట్టాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. నేను పట్టలేదు. మా ఊరి పాత గుడి గోపురంలో గుడ్లగూబల జంట ఉంది. అపశకునమని కొందరు రాళ్లు వేస్తుంటే పూజారి గారే అడ్డుకున్నారు. అవి కక్కిన ఉండలను ఏరి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పట్టకారుతో విప్పితే బూడిదరంగు బొచ్చు మధ్య నారింజరంగు కొరుకుడు పళ్లతో చిన్న చిన్న దవడలు బయటపడతాయి. ఒక్కో ఉండలో రెండు మూడు ఎలుకలు. ఒక్క ప్రాణినీ చంపకుండా ఆ చుట్టుపక్కల ఎలుకల ఎముకలు చేతికొస్తున్నాయి.

మరి ఈ పరికరం ఎందుకు? నేల కోసం. నల్లరేగడి చేలో నిమిషానికి 24 వరకు, గుట్ట మీది గ్రానైటు బండపై 40 దాకా వస్తుంది. ఒక్క నిమిషం చూసి నమ్మకండి. 30 టిక్కుల్లో ఐదారు అటూ ఇటూ కావడం సహజం. పది నిమిషాల్లో 300 వస్తే ఆ తేడా 17కు, అంటే ఆరు శాతం లోపుకు తగ్గుతుంది. బొరియలో బతికే ఎలుకకు చుట్టూరా మట్టే కదా. బయటి నుంచి దానికి తగిలే మోతాదును అంచనా వేయడానికి ఈ అంకెలు పనికొస్తాయి. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం 2008లో ఎంచిన 12 నమూనా జీవుల్లో ఎలుక, బాతు ఉన్నాయి. వాటి విషయంలో ఆలోచించాల్సిన స్థాయి రోజుకు 0.1 నుంచి 1 మిల్లీగ్రే (గ్రే అంటే ఒంట్లో చేరే రేడియేషన్ శక్తికి కొలమానం). మా బండల మీది రీడింగు గంటకు 0.3 మైక్రోసీవర్టు. సీవర్టు మనిషికి కట్టిన లెక్కే అయినా, స్థూలంగా చూస్తే రోజుకు మిల్లీగ్రేలో నూరో వంతు కూడా కాదు.

ఇబ్బందులూ ఉన్నాయి. మే ఎండలో తెర నల్లబడి అంకెలు కనిపించవు. మూడో ఏడు బ్యాటరీ ఉబ్బితే అమ్మిన దుకాణం పట్టించుకోలేదు. వేరేచోట మార్పించుకున్నాను. గొట్టం సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఎరువుల దుకాణంలో దొరికే ఎర్ర పొటాషే నాకు ఆధారం. అందులోని పొటాషియం వల్ల కిలోలో సెకనుకు సుమారు 16 వేల విఘటనలు జరుగుతాయి. ప్రతి ఆదివారం అదే డబ్బా, అంతే దూరం. ఆరేళ్లలో రీడింగు చెప్పుకోదగ్గంత మారలేదు.

ఎముకలు మాత్రం ఏడాదివారీగా, తేదీ, చోటు రాసిన కాగితపు కవర్లలో ఎండబెట్టి దాస్తున్నాను. పరీక్షకు తీసుకునే ప్రయోగశాల దొరికిన రోజున మొదట ఇచ్చేది 2019 కవరు.