ఐనాచురలిస్ట్ యాప్: పచ్చి ఆకుకు పనికొస్తుంది, ఎండు వేరుకు కాదు

దేవరకొండలో మాది మూలికల కొట్టు. నాన్న పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఈమధ్య కొనడానికి వచ్చేవాళ్లు చీటీకి బదులు ఫోను తీస్తున్నారు. “అన్నా, మా పొలం గట్టు మీది తీగను యాప్ తిప్పతీగ అంటోంది, కషాయం పెట్టుకోవచ్చా?” అని అడుగుతున్నారు. వచ్చిన ప్రతివాడికీ జవాబు చెప్పేకంటే ఆ యాప్ సంగతేమిటో తెలుసుకోవడం మేలని నేనూ వేసుకున్నాను. ఐదుకు నాలుగు ఇస్తాను.

డబ్బు కట్టనక్కర లేదు, ప్రకటనల గోల లేదు. 2008లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలై, 2023 నుంచి లాభాపేక్ష లేని స్వతంత్ర సంస్థగా నడుస్తోంది. మొక్కను ఫొటో తీసి, తేదీ, చోటు చేర్చి పెడితే కంప్యూటర్ కొన్ని పేర్లు సూచిస్తుంది. మా కొట్టుకు వచ్చేవాళ్లలో చాలామంది అక్కడితో ఆగిపోతారు. అసలు పని ఆ తర్వాతే ఉంది. ఫొటో చూసిన మిగతా సభ్యులు తమకు తోచిన పేరు చెబుతారు. కనీసం ఇద్దరుండి, మూడింట రెండు వంతులకు పైగా ఒకే జాతి పేరు మీద నిలిస్తేనే ఆ నమోదుకు పరిశోధన స్థాయి వస్తుంది. అలాంటివి, వాటికున్న లైసెన్సు అనుమతిస్తే, జీబీఐఎఫ్ అనే అంతర్జాతీయ జీవజాతుల సమాచార భాండాగారానికి చేరతాయి. ఏ మూలిక ఎక్కడ దొరుకుతోంది, ఎప్పుడు పూస్తోంది అని వెదికే పరిశోధకుడికి మన గట్టు మీది మొక్క కూడా అలా కనబడుతుంది.

నాకు నచ్చింది ఈ మనుషుల భాగమే. వానలకు మొలిచిన నేల ఉసిరిని పైనుంచి ఫొటో తీసి పెట్టాను. ఎవరో ముక్కూమొహం తెలియని సభ్యుడు, రెమ్మను తిప్పి అడుగు వైపు ఫొటో కూడా పెట్టమన్నాడు. ఎందుకంటే కాయలన్నీ ఆకుల కింద వరుసగా వేలాడతాయి. కాయ నున్నగా ఉండి చిన్న కాడతో వేలాడితే ఒక జాతి. గరుకుగా ఉండి, కాడ ఉందో లేదో తెలియనట్టు రెమ్మకు అంటుకుని ఉంటే ఇంకో జాతి. మా వ్యాపారంలో రెండూ నేల ఉసిరి పేరుతో ఒకే సంచిలో పడతాయి. కామెర్లకని కొనేవాళ్లకు ఈ తేడా తెలియదు, అమ్మేవాళ్లలో చాలామందికి పట్టదు. జీతం లేకుండా ఇంత ఓపికగా కాయల కాడలు పరీక్షించే మనుషులు లోకంలో ఉన్నారంటే నాకు ముచ్చటేసింది.

తిప్పతీగ సంగతికి వస్తాను. దానికి దగ్గరి చుట్టం ఇంకో తీగ ఉంది. ఆకులు రెండింటికీ హృదయాకారమే. దాన్ని తిప్పతీగగా వాడవద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2022లో హెచ్చరించింది కూడా. గుర్తు కాండం మీద ఉంటుంది. రెండో దాని కాండం నిండా చిన్న చిన్న బుడిపెలు. జనం ఆకు ఒక్కటే ఫొటో తీసి యాప్‌ను అడుగుతారు. మాకు సరుకు తెచ్చే చెంచు అవ్వ నా ఫోను వంక చూడనైనా చూడలేదు. తీగ ముక్క తీసుకుని గోటితో పైపొర గీరింది. కాగితంలాంటి పొర లేచి కింద ఆకుపచ్చ కనబడింది. వేలు పొడవునా జరిపి, “బొడిపెలు లేవు బిడ్డా, మంచిదే” అంది. కాబట్టి ఆకు, ఆకు అడుగు, కాండం, పువ్వు, కాయ, దొరికినన్ని ఒకే నమోదులో పెట్టండి.

తగ్గించిన ఆ ఒక్క మార్కు ఎండు సరుకు విషయంలో. నా గిరాకీ అంతా బెరడు, వేరు, పొడి. అశోక బెరడు పేరుతో రోడ్ల పక్కన పెంచే నిటారు చెట్టు బెరడు అంటగట్టడం ఈ వ్యాపారంలో పాత జబ్బు. చెట్టు నిలబడి ఉంటే యాప్‌తో తేల్చుకోవచ్చు. ముక్కలై సంచిలోకి వచ్చాక ఫొటోతో అయ్యే పని కాదు, దానికి ప్రయోగశాల కావాలి.

ఇంకో మాట. యాప్‌లో వివరాలు రాసుకునే గడి ఒకటుంది. అవ్వ చెప్పిన మందు, పాళ్లు, పథ్యం అన్నీ అందులో ఎక్కించాలని మా మేనల్లుడికి మహా ఉత్సాహం. వద్దన్నాను. చెప్పింది అవ్వ, లోకానికి పెట్టాలో వద్దో తేల్చాల్సిందీ అవ్వే. కేరళలో కాణి గిరిజనులు చూపించిన ఆరోగ్యపచ్చ నుంచి జీవని అనే మందు చేసినప్పుడు, లైసెన్సు రుసుములోనూ రాయల్టీలోనూ సగం వాళ్లకు దక్కేలా ఒప్పందం జరిగింది. యాప్‌లో రాసి పారేస్తే అలాంటి బేరానికి చోటే ఉండదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ఊరూరా ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి, స్థానిక వైద్య జ్ఞానం రాయాల్సింది అందులో. నేను చూసిన ఒక రిజిస్టరులో మాత్రం పక్క ఊరి పేజీలే పేరు మార్చి అతికించారు. ఆ కోపంతోనే మావాడు యాప్ వైపు చూస్తున్నాడని నాకు తెలుసు.

చోటు విషయంలోనూ జాగ్రత్త. మారేడుగడ్డల తీగను వేళ్లతో సహా తవ్వేసుకుపోతారు కాబట్టి నల్లమలలో అది కనబడిన చోటు బయటపెట్టకూడదు. చోటును మసకగా ఉంచే ఏర్పాటు యాప్‌లో ఉంది. అది ఎంచుకుంటే సుమారు ఇరవై కిలోమీటర్ల చదరంలో ఎక్కడో ఒకచోట చుక్క పడుతుంది. ముప్పున్న జాతులుగా గుర్తించిన వాటికి యాప్ తనంతట తానే మసక వేస్తుంది. అయినా ఎక్కించే ముందు మనం చూసుకోవడం మంచిది.

ఇక కషాయం పెట్టుకోవచ్చా అనే ప్రశ్న. యాప్ పేరు చెబుతుంది, మోతాదు చెప్పదు, చెప్పకూడదు కూడా. ఎర్రగా, పచ్చగా మంటలాంటి పువ్వుతో అడవినాభి తీగ ఉంటుంది. ఫొటోకు అంత అందమైన మొక్క ఇంకోటి లేదు. దాని దుంపలో ఉండే కాల్చిసిన్ ప్రాణం తీస్తుంది. అందుకే ఫోనులో పేరు చూపించి సరుకు అడిగేవాళ్లను నేను ముందు ఆయుష్ డాక్టరు దగ్గరికి పంపిస్తున్నాను. బేరం పోతోందని మా ఆవిడ సణుగుతోంది.