కోరింగలో ‘బావురుపిల్లి పెళ్లి’ ట్రెజర్ హంట్: డబ్బు కట్టే ముందు చదవండి

కాకినాడ, యానాం, అమలాపురం వైపు పిల్లలున్న వాళ్ల కోసం రాస్తున్నానండి. ‘బావురుపిల్లి గారి పెళ్లికి రండి, అడవిలో దాచిన పెళ్లి సామాను వెతకండి’ అని ఒక పోస్టర్ వాట్సాప్‌లో తిరుగుతోంది. జియోకాషింగ్ అట, అంటే జీపీఎస్ అంకెలు పట్టుకుని దాచిన డబ్బాలు వెతికే ఆట. ఈసారి దిండి వైపు పెడుతున్నారు. కోరింగ మడ అడవి దగ్గర పెట్టినదానికి మేము, మా అక్కావాళ్లు వెళ్లాం. తలకు 900 రూపాయలు. చంకలో ఉన్న పిల్లకీ అంతే.

ఆలోచన మాత్రం ముచ్చటగా ఉంది, కాదనను. పెళ్లికూతురు బావురుపిల్లి, పెళ్లికొడుకు నీటికుక్క. రెండూ కోరింగలో నిజంగా తిరిగే జంతువులే. శుభలేఖ వెనక క్లూలు, జీపీఎస్ అంకెలు అచ్చేశారు. పీతల బ్యాండు మేళం, కొంగ పురోహితుడు కూడా ఉన్నారు. రాసినవాళ్లెవరో గానీ చేయి తిరిగినవాళ్లే. నిర్వాహకులకు ఆ శ్రద్ధలో పావు వంతు ఉన్నా ఈ పోస్టు రాయాల్సిన పని ఉండేది కాదు.

మొదట ఆ అంకెల సంగతి. శుభలేఖలో ‘16.453’ అని ఉంది. ఫోన్లో కొడితే పిన్ ఎక్కడో దక్షిణాన పడింది. అసలు అది 16 డిగ్రీల 45.3 నిమిషాలు. డిగ్రీ గుర్తు ఎగిరిపోయి, నిమిషాలు దశాంశాలైపోయాయి. ఒక డిగ్రీ అక్షాంశం అంటే దాదాపు 111 కిలోమీటర్లు కాబట్టి, ఈ చిన్న తేడాకే 33 కిలోమీటర్లు జారిపోయాం. మా బావగారు సర్వే పని తెలిసినవారు కాబట్టి పట్టుకున్నారు. మిగతా కుటుంబాలు ఎండలో ఫోన్లు తిప్పుకుంటూ నిలబడ్డాయి. ‘నెట్‌వర్క్ ప్రాబ్లమ్ అండి’ అన్నాడు వాలంటీర్.

మొదటి డబ్బాలో గొట్టం కాజాలు పెట్టారు. మాకంటే ముందే చీమలు పెళ్లి భోజనం కానిచ్చేశాయి. జియోకాషింగ్ నియమాల్లో తిండి పదార్థాలు దాచకూడదని స్పష్టంగా ఉంది, జంతువులు వాసన పట్టి వస్తాయని.

ఇవన్నీ నవ్వుకుని వదిలేయొచ్చు. రెండో డబ్బా సంగతి అలా కాదు. దాన్ని తిల్ల చెట్టు కొమ్మకు తాడుతో కట్టారు. మా అక్క కూతురు డబ్బా లాగితే రెమ్మ విరిగి తెల్లటి పాలు కారాయి. పక్క పాయలో పడవ కట్టుకుంటున్న తాతగారు ‘కళ్లు ముట్టుకోకమ్మా!’ అని అక్కడి నుంచే అరిచారు. తిల్ల పాలు ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతాయి, కంట్లో పడితే కొంతసేపు చూపే పోవచ్చు. తాగే నీళ్ల సీసాలన్నీ ఆ పిల్ల చేతుల మీద పోసేశాం. అదృష్టం, మణికట్టు దగ్గర కాస్త ఎర్రబడి ఊరుకుంది. మడ అడవిలో పిల్లల చేత డబ్బాలు వెతికించేవాళ్లకు తిల్ల చెట్టు తెలియకపోవడం ఏమిటో!

ఈలోగా పోటు ఎక్కింది. పొడిగా ఉన్న గట్టు దారి బురదైంది, నేలలోంచి మేకుల్లా లేచిన మడ వేళ్లు నీళ్లలో మునిగి కనబడటం మానేశాయి. వారం ముందు అదే టైముకి వచ్చి చూశామని, అప్పుడు నీళ్లు లేవని నిర్వాహకులు వాదించారు. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అంటే వారానికి దాదాపు ఆరు గంటలు జరిగి, నీళ్లు వెనక్కి తీసే పాటు ఉన్న వేళకే పోటు వస్తుంది. తీరంలో ఏ వేటకారుణ్ణి అడిగినా చెబుతాడు.

చివరికి ఫారెస్టు వాళ్లు వచ్చి, చెక్క వంతెన దాటి లోపలికి వెళ్లడానికి మీకెవరు అనుమతిచ్చారని అడిగారు. అనుమతే లేదు! కోరింగ 1978 నుంచి అభయారణ్యం. నిర్వాహకుడు పక్కకెళ్లి ఫోన్ మాట్లాడుతూ ఉండిపోయాడు. పెళ్లి మధ్యలోనే ఆగిపోయింది.

అసలు ఈ ఆటకి డబ్బే అక్కర్లేదండి. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం పౌరుల జీపీఎస్ సిగ్నల్‌ను కావాలని చెడగొట్టడం మానేసిన మర్నాడే, ఆరెగాన్ రాష్ట్రంలో ఒకాయన అడవిలో బకెట్ దాచి అంకెలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. అక్కడ మొదలైంది. ఇప్పటికీ జియోకాషింగ్ యాప్‌లో మామూలు సభ్యత్వం ఉచితం. ప్రతి డబ్బాకూ వెతకడం ఎంత కష్టం, దారి ఎంత కష్టం అని 1 నుంచి 5 దాకా రేటింగ్ ఉంటుంది. చంటిపిల్లతో వెళ్లొచ్చో లేదో ముందే తెలిసిపోతుంది.

డబ్బిచ్చి వెళ్లాలనే ఉంటే, ముందు అనుమతి కాగితం ఫొటో పంపమనండి. ఆ రోజు పోటు ఎప్పుడో అడగండి. నసిగితే వదిలేయండి. వ్యక్తిగత నంబరుకు ఫోన్‌పే చేయమంటే అసలే వద్దు. మాకు బిల్లు కూడా ఇవ్వలేదు.

రిఫండ్ అడిగితే దిండి ఆటకి సగం ధర కూపన్ ఇస్తామన్నారు. వద్దని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. 5 లక్షల లోపు కేసుకి అక్కడ ఫీజు లేదు, మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు. ఆ రోజు మాతో వచ్చినవాళ్లు పోస్టర్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు ఇవాళే తీసి పెట్టుకోండి. నిర్వాహకుల పేజీలో కోరింగ ఫొటోలు అప్పుడే ఒక్కొక్కటిగా మాయమవుతున్నాయి.