సెవరెన్స్: ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులు

ఆపిల్ టీవీలోని ‘సెవరెన్స్’ సిరీస్ మొదటి దృశ్యంలో హెల్లీ అనే యువతి ఒక సమావేశపు బల్ల మీద మేలుకుంటుంది. స్పీకరులోంచి ఒక గొంతు ‘నువ్వెవరు?’ అని అడిగితే తన పేరు కూడా చెప్పలేకపోతుంది. ల్యూమన్ అనే కంపెనీ తన ఉద్యోగుల్లో కొందరి మెదడులో చిప్పు అమర్చుతుంది. లిఫ్టులో కిందికి దిగగానే ఇంటి జ్ఞాపకాలు, సాయంత్రం పైకి రాగానే ఆఫీసు జ్ఞాపకాలు పూర్తిగా తెగిపోతాయి. డాన్ ఎరిక్సన్ సృష్టించి, బెన్ స్టిల్లర్ ఎక్కువ భాగాలకు దర్శకత్వం వహించిన ఈ సిరీస్ 2022లో 9, 2025లో 10 ఎపిసోడ్లుగా వచ్చింది.

పొద్దున్నే కాజీపేటలో రైలెక్కి హైదరాబాదుకు ఉద్యోగానికి పోయి వచ్చేవారూ, మడికొండ ఐటీ పార్కులో పనిచేసేవారూ మా హనుమకొండలో చాలామందే ఉన్నారు. ఆఫీసు తలనొప్పులు ఇంటి గడప తొక్కకుండా ఉంటే బాగుండునని అనుకోనివారు వారిలో అరుదు. ఆ కోరికను అక్షరాలా తీర్చి, దాని ఖరీదు ఎవరు కడుతున్నారో చూపించడంలోనే ఈ కథ బలమంతా ఉంది. చరిత్ర అధ్యాపకుడైన మార్క్, భార్యను పోగొట్టుకున్న దుఃఖం రోజుకు ఎనిమిది గంటలైనా తెలియకుండా ఉండాలని ల్యూమన్‌లో చేరతాడు. ఆ గంటలన్నీ బతకడానికి పుట్టిన లోపలి మార్క్‌కు మాత్రం సాయంత్రమూ లేదు, నిద్రా లేదు. హెల్లీ రాజీనామా చేస్తానంటే, బయటి హెల్లీ వీడియోలో కనిపించి, తాను మనిషిననీ, లోపలున్నది మనిషి కాదనీ తేల్చి చెబుతుంది. ఈ రెండు ముఖాలనూ పోషించిన బ్రిట్ లోవర్‌కు 2025లో టీవీ నటనకు ఇచ్చే ఎమ్మీ అవార్డు రావడం న్యాయమే.

నా దృష్టిలో సిరీస్ మొత్తానికీ శిఖరం రెండో సీజన్ చివరి ఎపిసోడులో ఇద్దరు మార్క్‌లూ వీడియో కెమెరా ద్వారా మాట్లాడుకునే ఘట్టం. బయటివాడు మొదట క్షమాపణ కోరతాడు, తర్వాత బుజ్జగిస్తాడు. ఇద్దరినీ కలిపి ఒకే మనిషిని చేద్దామంటాడు. అయితే లోపలివాడు ప్రేమించిన హెల్లీ పేరును తప్పుగా పలకడంతో, అతని ఔదార్యమంతా యజమాని పనివాడి మీద చూపే దయ లాంటిదేనని ఒక్కసారిగా బయటపడుతుంది. రెండేళ్ల వయసున్న ఆ లోపలి మనిషి తాను ఎందుకు కరిగిపోవాలని అడిగితే, ప్రేక్షకుడి దగ్గర కూడా జవాబు ఉండదు. మార్క్‌గా నటించిన ఆడమ్ స్కాట్ గొంతులోని స్వల్పమైన మార్పుతోనే ఆ ఇద్దరినీ వేరుచేసి చూపాడు.

లోపాలూ లేకపోలేదు. ల్యూమన్‌లోని మేకల విభాగం, వ్యవస్థాపకుడి పూజల వంటి వింతలు మొదట్లో నవ్వించినా, రెండో సీజన్ మధ్యకు వచ్చేసరికి కథ కంటే పొడుపుకథలే ఎక్కువయ్యాయి. ల్యూమన్‌లో మార్క్‌కు పై అధికారిగా పనిచేసిన కోబెల్ తన సొంతూరికి వెళ్లే ఎపిసోడు మరీ సాగింది. తొలి రెండు ఎపిసోడ్ల నెమ్మదిని ఓపిక పట్టగలిగినవారు తప్పక చూడవచ్చు. తీరిక తక్కువైతే మొదటి సీజన్ మాత్రమే చూసినా చాలు. దాని చివరి ఎపిసోడును మాత్రం తెల్లవారి డ్యూటీ ఉన్న రాత్రి మొదలుపెట్టకపోవడం మంచిది.