మ్యూజ్ 2 తలపట్టీ: జ్ఞాపకాల్లో దానికి చిక్కేదెంత?

మనసుకు దగ్గరైనవాళ్లను తలచుకుంటే మెదడులో ఏం జరుగుతుందో ఇంట్లోనే చూద్దామని ఈ పట్టీ కొనాలనుకునేవాళ్లు కాస్త ఆగండి. ఇందులో మెదడు విద్యుత్తును కొలిచే సెన్సార్లు నాలుగే: నుదుటి మీద రెండు, చెవుల వెనక రెండు. సెకనుకు 256 సార్లు కొలుస్తాయి. ధ్యానం నేర్చుకోవడానికి అది చాలు, ప్రేమను తేల్చడానికి చాలదు.

కారణం లోతు. 2005లో పరిశోధకులు ఆర్థర్ ఆరన్, హెలెన్ ఫిషర్ బృందం ప్రేమలో ఉన్న 17 మందిని ఎమ్మారై స్కానర్‌లో పడుకోబెట్టి, వాళ్లు ప్రేమించినవాళ్ల ఫొటోలు చూపించింది. అప్పుడు చురుకైన వీటీఏ, కాడేట్ అనే భాగాలు రెండూ మెదడు లోలోపలివే. పాత సంగతుల్ని తవ్వితీసే హిప్పోకాంపస్సూ పైన ఉండదు. అక్కడి సంకేతం నుదుటిదాకా వచ్చేసరికి దాదాపు ఏమీ మిగలదు.

మరి గ్రాఫులో ఎగిరిపడేదేమిటి? చాలాసార్లు కనురెప్ప! ఒక్కసారి రెప్ప వేస్తే నుదుటి సెన్సార్లలో 100 మైక్రోవోల్టులు దాటవచ్చు; మెదడు తరంగాలు మామూలుగా అందులో సగం కూడా ఉండవు. పాత గొడవ గుర్తొచ్చి పళ్లు బిగిస్తే బీటా, గామా అనే వేగమైన మెదడు తరంగాలు పెరిగినట్టు కనబడుతుంది. అది దవడ కండరం పని. కళ్లు మూస్తే చాలు, ఏమీ తలచుకోకపోయినా ఆల్ఫా అనే తరంగం పెరుగుతుంది.

అయినా ప్రయత్నిస్తామంటే, తలకు నూనె పెట్టిన రోజు వద్దు. నుదురు, చెవుల వెనక జిడ్డు తుడిచి, సెన్సార్లను తడివేలితో అద్ది, రెండు నిమిషాలు ఆగండి. కళ్లజోడు తీసేయండి, కాడలు చెవి వెనక సెన్సారును ఎత్తేస్తాయి. ముడి డేటా కోసం మైండ్ మానిటర్ అనే వేరే యాప్ కొనాలి. మొదటినుంచి చివరిదాకా కళ్లు మూసుకునే ఉండి 30 సెకన్లు ఒక దగ్గరి జ్ఞాపకం, 40 సెకన్లు పెద్ద సంఖ్య నుంచి ఏడేసి తగ్గిస్తూ మనసులోనే లెక్క, పోల్చి చూడటానికి మరో 30 సెకన్లు ఇంటి నుంచి బస్టాండుకు దారి తలచుకోండి. మధ్యలో ఆ లెక్క లేకపోతే ముందరి భావం తర్వాతి దానిలోకి పాకుతుంది. ఆరన్ బృందం వాడిన ఉపాయం కూడా అదే. వరుస మారుస్తూ పదిసార్లు చేయండి. ఒకే వరుసలో చేస్తే చివర్లో ముంచుకొచ్చే కునుకు కూడా జ్ఞాపకం ఖాతాలో పడుతుంది.

పట్టీలోనే ఉన్న, గుండె వేగాన్ని కొలిచే పల్స్ సెన్సారు ఇంతకన్నా పనికొస్తుంది. కాకపోతే దీర్ఘంగా నిట్టూర్చినా గుండె వేగం మారుతుంది, కాబట్టి నిట్టూర్పు పడిన ముక్కను లెక్కలోంచి తీసేయాలి.